మతం గడిలో మూడు

సంపాదకుడు గారికి నమస్కారం.

2027 జనగణనకు మన ఇళ్లకు వచ్చే ఎన్యూమరేటర్లకు ముందే ఒక మాట చెబుదామని రాస్తున్నాను.

2011 జనగణనకు ఒంగోలులో మా ఇంటికి ఒక టీచరమ్మ వచ్చారు. మతం దగ్గరికి వచ్చేసరికి "నాకు ఏ మతమూ లేదమ్మా" అన్నాను. ఆమె ఒకసారి నా వంకా, ఒకసారి గోడ మీద మా అమ్మ తగిలించుకున్న బైబిలు వాక్యాల క్యాలెండర్ వంకా చూశారు. "ఊరుకోండి సార్" అని నవ్వి గడిలో 3 వేసేశారు. మూడంటే క్రైస్తవం. మా అమ్మకు ఆ అంకె సరైనదే, నాకు కాదు. పోనీలే అనుకుని మజ్జిగ ఇచ్చి పంపాను. ఆ రోజే గట్టిగా అడగాల్సింది.

అప్పట్లో ఆరు మతాలకే అంకెలుండేవి. మతం లేదని ఎవరైనా అంటే లేదనే రాసుకోవాలి, ఇంటి యజమాని మతాన్ని అందరికీ అంటగట్టకూడదు. ఇది నా సొంత కవిత్వం కాదు, వాళ్లకిచ్చిన సూచనల పుస్తకంలో ఉన్నదే.

నేను సండే స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. మా చెల్లెలికి కామెర్లొస్తే మందులు మాన్పించి నూనె రాసి ప్రార్థన చేశారు. అనుమానం అక్కడ మొదలైంది. ఇప్పుడు ఊరూరా తిరిగి దేవుడు లేడని మాట్లాడుతున్నాను. స్వస్థత సభల గురించి మాట్లాడినంతసేపూ చప్పట్లు కొట్టినవాళ్లే, ముహూర్తాల గురించి ఎత్తగానే కుర్చీలు ఖాళీ చేస్తారు. "చర్చి వదిలేశావు సరే, గుడికెప్పుడొస్తావ్?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఎన్యూమరేటర్లకే కాదు, జనానికీ ఏదో ఒక అంకె కావాలి.

అలాగని చర్చిని తిట్టమంటే నాకు నోరు రాదు. మా ఇంట్లో మొదటి అక్షరం మిషన్ బడిలోదే. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో మా ముత్తాత తండ్రి ఒకడని మా నాయన చెప్పేవాడు. అంతకుముందు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పని ఇప్పించిన అమెరికా మిషనరీ క్లౌ దొర, కూటి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. మతం పేరు మనసులోంచి రావాలని ఆయనకు అంత పట్టింపు. మా పెద్దలు ఆ నీళ్లలో దిగింది ఇష్టపడే, నేను ఒడ్డెక్కిందీ ఇష్టపడే.

2011 లెక్కల్లో మతం తెలపనివాళ్లు దేశంలో సుమారు 29 లక్షల మంది. నాలాగా నోరు తెరిచి చెప్పినా 3లోనో, హిందువుల అంకె 1లోనో కలిసిపోయినవాళ్లు ఎందరో ఆ లెక్కలో దొరకరు. చెప్పింది చెప్పినట్టు రాయాలన్న సంగతి శిక్షణ తరగతుల్లో నొక్కి చెప్పించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

ఈసారి వివరాలు ఫోన్లో నింపుతారట. మా గోడ మీద క్యాలెండర్ అలాగే ఉంటుంది, అది అమ్మది. నా గడి మాత్రం ఒకసారి చూపించమంటాను. మజ్జిగ ఆ తర్వాతే.

– ఒక పాఠకుడు, ఒంగోలు