శాతం సరే, ఏ లెక్క రాలేదో చెప్పరేం?

సంపాదకుడు గారికి,

తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు రావడం లేదని మీరు కిందటి వారం వేసిన వార్తా, దాని కింద అధికారులు పడ్డ విచారమూ చదివాను. 2024 డిసెంబర్ 4న దేశమంతటా బడిపిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడడానికి కేంద్రం జరిపిన పరఖ్ సర్వేలో తొమ్మిదో తరగతి గణితం సగటు 37 శాతం. అంకె నిజమే. విచారమే నమ్మబుద్ధి కాలేదు.

ఎనిమిది దాకా నేర్చుకున్నది హైస్కూలు చదువుకు సరిపోతుందా లేదా చూద్దామని తొమ్మిదిలో ఆ పరీక్ష పెట్టారు. మంచిదే. నివేదిక వచ్చింది మాత్రం 2025 జూలైలో. అప్పటికి ఆ పిల్లలు పదో తరగతిలో కూర్చున్నారు. చేతులు కాలాక ఆకులన్నమాట! పైగా అది నమూనా సర్వే. పిల్లలకు విడివిడిగా మార్కులు రావు, మేష్టారికి పేపరు తిరిగి రాదు. జిల్లాకో కార్డు వస్తే దాన్ని మీటింగులో తెర మీద వేసి, టీ తాగి లేస్తారు.

పిల్లవాడు తప్పు ఎలా చేశాడన్నది ఎవరికీ పట్టదు. 1/2 + 1/3 ఎంత అని అడిగి 5/6, 2/5, 1/6, 1/5 ఇచ్చారనుకోండి. 2/5 పెట్టినవాడు పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడు. వాడికి ఆరో తరగతి భిన్నాలు మళ్లీ చెప్పాలి. −7 − (−3)కి −10 పెట్టినవాడు బ్రాకెట్ ముందున్న మైనస్‌ను చూడనే లేదు. 0.4 కన్నా 0.35 పెద్దదన్నవాడు 35నీ 4నీ పోల్చుకున్నాడు, స్థానవిలువ తెలియదు. ముగ్గురికీ పడేది ఒకటే సున్నా, చెప్పాల్సిన పాఠాలు మూడు. ఎవరు ఏ బబుల్ నింపారో జవాబు షీట్లు చదివే ఓఎంఆర్ స్కానర్ పట్టే ఉంచుతుంది. ఆ ఫైలంతా దగ్గర పెట్టుకుని మన మొహాన శాతం ఒక్కటి కొడతారు.

ఎనిమిదిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కథా ఇంతే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు, చిన్న మాట కాదు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలకు 90 నిమిషాలు, సబ్జెక్టుల పేపరు 90 ప్రశ్నలకు మరో 90. చదవడం, లెక్క కట్టడం, బబుల్ నింపడం అన్నీ ప్రశ్నకు దొరికే ఆ ఒక్క నిమిషంలోనే. 23వ ప్రశ్న వదిలేసి, 24 జవాబు 23 దగ్గర నింపి, అక్కణ్నుంచి వరసంతా ఒక మెట్టు జారిపోయేవాళ్లుంటారు. బాల్‌పెన్నుతో నింపాక చెరపడం కుదరదు. పది ప్రశ్నలకోసారి నంబర్లు సరిచూసుకోవడం నాలుగు ఖాళీ షీట్ల మీద ముందే అలవాటు చేస్తే చాలు. జిరాక్సులకు డబ్బుల్లేవంటారు. బ్యానర్లకు ఎక్కణ్నుంచి వస్తాయో!

ఇక ఒడిశాలో తెలుగువాళ్లున్న మన పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం సంగతి. తెలుగులో ఎనిమిది దాకా చదివి, దగ్గర్లో తెలుగు హైస్కూలు లేక ఒడియా మీడియంలో చేరే పిల్లలున్నారు. వాళ్లు హైస్కూలుకు సిద్ధమో కాదో ఏ పరీక్ష చెబుతోంది? ఒడియా గణితం పుస్తకాల్లో అంకెలూ ఒడియావే. ఒడియా నాలుగు అంకె మనం రోజూ రాసే 8లా ఉంటుంది, తలకాయ దగ్గర కాస్త తెరుచుకుని. సమీకరణం చక్కగా సాధించగల పిల్ల దాన్ని ఎనిమిదని చదివి తప్పు చేస్తే, రిపోర్టులో బీజగణితంలో వెనుకబడిందని పడుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. ఆ దశ దాటిన పిల్ల మాత్రం ఎవరి పూచీ కాదు. 1936లో ఒడిశాను వేరు చేస్తూ గీత గీసిన నాటి నుంచీ ఇదే తంతు.

మేష్టార్లను అందామా అంటే ఓటర్ల జాబితా, గుడ్ల లెక్క, ఆన్‌లైన్ ఎంట్రీ అన్నీ వాళ్ల నెత్తినే. 2019లో విద్యాహక్కు చట్టం సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఫెయిల్ చేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు, తప్పినవాళ్లకు రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష అన్నారు. ఎక్కడ ఆగిపోయాడో తెలియకుండా ఆ రెండు నెలలూ ఏం చెబుతారు? మొదటి పాఠం నుంచి మళ్లీ వల్లె వేయిస్తారా?

ఎనిమిది మొదలైన నెలలోనే, బడి ఏ మీడియమైతే ఆ మీడియంలో, నలభై ప్రశ్నల పేపరు పెట్టండి. పదిహేను రోజుల్లో క్లాసు మేష్టారి చేతికి పట్టిక ఇవ్వండి: అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా పిల్లల పేర్లు, గడిలో వాళ్లు ఎంచుకున్న ఆప్షన్. ఒడియాకు మారబోయేవాళ్లకు అంకెలకూ గణిత పదాలకూ వేసవిలో ఓ బ్రిడ్జి కోర్సు. కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త కమిటీ అసలే వద్దు. మీ విలేకరి ఈసారి ఆ విచారపడ్డ అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ పట్టిక బడికి ఏ తేదీకి చేరుతుందో అడిగి, ఆ తేదీ మీ పత్రికలో వేయండి.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా