వార్షిక నివేదిక 2024–25: మన వంతెన మీద మన రైలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన మోడల్ రైళ్ల సంఘం చేపట్టిన పనుల్లో అన్నిటికంటే పెద్దది గోదావరి వంతెన. మన దగ్గర జర్మనీ మార్క్‌లిన్ ఇంజన్లున్నాయి, ఇంగ్లండ్ హార్న్‌బీ పెట్టెలున్నాయి. అవి ఎంత ముచ్చటగా ఉన్నా, ప్రదర్శనకు వచ్చిన పిల్లలు "మన రైలేదీ?" అని అడిగితే ఒకటీ అరా ఇంజను తప్ప చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఆ లోటు ఈసారి తీరింది.

రాజమండ్రి దగ్గర 1997లో పూర్తయిన ఆర్చ్ వంతెన అందరికీ తెలిసిందే. ఒక్కో ఆర్చ్ పొడవు 97.55 మీటర్లు. మన హెచ్‌ఓ స్కేల్లో, అంటే 87వ వంతుకు తగ్గిస్తే, ఒక్క ఆర్చే 112 సెంటీమీటర్లు వస్తుంది. 2.7 కిలోమీటర్ల వంతెన మొత్తం కట్టాలంటే 31 మీటర్ల చోటు కావాలి. అందుకే రెండు ఆర్చ్‌లు చాలనుకున్నాం. పలచటి ప్లైవుడ్ కోసి, పుట్టీ పట్టించి, సిమెంటు రంగు వేశారు. ఆర్చ్ నుంచి పట్టాల దిమ్మె దాకా దిగే తీగల కోసం గిటార్ తీగలు వాడారు. రంగు మరీ కొత్తగా ఉందని పెద్దలు అంటే, పల్చటి నల్లరంగుతో వాన చారలు దింపారు. ఆ చారల తర్వాతే అది గోదావరి వంతెనలా కనిపించింది.

దాని మీద నడపడానికి 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను ఎంచుకున్నాం. బోగీల రంగు మీద పెద్ద చర్చే జరిగింది. చిన్నప్పుడు చూసిన ముదురు ఎరుపే కావాలని కొందరు పట్టుబట్టారు. కానీ వంతెన 1997 నాటిదైతే దాని మీద రైలు కూడా ఆ తర్వాతి కాలానిదే అయ్యుండాలి కదా. చివరికి నీలం ఐసీఎఫ్ (చెన్నై బోగీల ఫ్యాక్టరీ నమూనా) బోగీలు, ముందు డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజను అని తేల్చాం. నా ఉద్దేశంలో అదే సరైన నిర్ణయం. కాలం కలవకపోతే ఎంత బాగా చేసిన మోడలైనా చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, సంగతి ఇంకా ముఖ్యం. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేల్లో అది 19 మిల్లీమీటర్ల పైన రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది విదేశాల 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కి సరిపడా చేసింది. దాంతో మన బోగీ కింద పట్టా ఇరుకుగా కనిపిస్తుంది. కొలతకు తగ్గ పట్టా మనమే వేసుకుందామని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయితే అలా చేస్తే చక్రాలు, పాయింట్లు (రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు) అన్నీ చేత్తో చేసుకోవాలి, పాత విదేశీ ఇంజన్లేవీ ఆ పట్టా ఎక్కవు. కాబట్టి అందరం కలిసి వేసే పట్టాల అమరికకి, అంటే ఉమ్మడి లేఅవుట్‌కి, 16.5నే ఖాయం చేశాం. ఇంట్లో ఎవరి ఇష్టం వారిది.

మరో నియమం కూడా గుర్తుంచుకోండి. ఐసీఎఫ్ బోగీ మన స్కేల్లో 24.5 సెంటీమీటర్లు, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీ 27 సెంటీమీటర్లు. స్టార్టర్ సెట్‌తో వచ్చే 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపులో ఇంత పొడవు బోగీలు మూలలు రాసుకుని పట్టా తప్పుతాయి. ఇకమీదట మాడ్యూల్ (లేఅవుట్‌లో జతచేసే విడి భాగం) చేసేవాళ్లు 32 అంగుళాలకు తగ్గకుండా వంపు వేయండి.

ఈ ఏడాది ఒక పెద్దాయన మనల్ని విడిచి వెళ్లారు. ఆయన సేకరణను ఏం చేయాలో తెలియక పిల్లలు మనల్ని పిలిచారు. అప్పటికే పాత సామాన్ల వ్యాపారి వచ్చి తూకానికి ధర చెప్పి వెళ్లాడట. బీరువాలో పెట్టెలన్నీ చక్కగా పేర్చి ఉన్నాయి, కానీ పురుగు పట్టకూడదని ఆయన మధ్యమధ్య కలరా ఉండలు వేశారు. దాంతో కొన్ని ప్లాస్టిక్ బోగీలు మెత్తబడి, ఉండ తగిలిన చోట గుంట పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందునాటి ఒక ఇంజను అడుగుభాగం ఉబ్బి, పగుళ్లిచ్చి, వేలితో నొక్కితే పొడి రాలింది. పోత పోసేటప్పుడు జింకులో సీసం కలిస్తే వచ్చే జబ్బు అది, దానికి మందు లేదు. మిగతావి శుభ్రం చేసి, ఒక్కోదానికి ధర కట్టి, కుటుంబానికి జాబితా ఇచ్చాం.

అందుకే సభ్యులందరికీ నా మనవి. మీ దగ్గరున్న ప్రతి మోడల్‌కి పేరు, కొన్న సంవత్సరం, ఇచ్చిన ధర, ఇప్పటి స్థితి ఒక నోట్‌బుక్‌లో రాసి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి చెప్పండి. కలరా ఉండల బదులు సిలికా జెల్ సంచులు వేయండి. గ్రీజు గట్టిపడకుండా ఇంజన్లను అప్పుడప్పుడూ కాసేపు నడపండి.

కొనుగోళ్లు ఈసారీ తక్కువే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా తప్పనిసరి కావడంతో, పార్శిల్ తెప్పించుకోవాలంటేనే టెన్షన్. పెద్దవాళ్లు సేకరించే మోడల్‌నీ పిల్లాడి బొమ్మనీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ఒక రకంగా ఈ ఇబ్బందే మన కుర్రాళ్లని 3డీ ప్రింటర్ వైపు నడిపించింది. ఈ ఏడాది బోగీల బాడీలన్నీ ఇక్కడే ప్రింటయ్యాయి. పొరల గీతలు కనబడకుండా సన్న ఉప్పుకాగితంతో రుద్దడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆదివారం క్లాసుకు రావచ్చు.

పుణేలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం యాత్ర బాగా జరిగింది. జమాఖర్చుల పద్దు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది వంతెనకు రెండు వైపులా గోదావరి, కొవ్వూరు స్టేషన్ల మాడ్యూళ్లు చేయాలి. ఆ స్టేషన్ల పాత ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వండి, స్కాన్ చేసి తిరిగిచ్చేస్తాం. పాయింట్ల మోటార్లు బిగించడానికి టంకం పని వచ్చిన ఇద్దరు ముగ్గురు సభ్యులు కావాలి. పేర్లు వచ్చే సర్వసభ్య సమావేశంలోపు ఇవ్వగలరు.

– కార్యదర్శి