ఆ గుర్రానిది పొగరు కాదు, నొప్పి

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న తిరుచానూరు రోడ్డులో పెళ్లి ఊరేగింపులో తెల్ల గుర్రాన్ని చూశాను సార్, డీజే మోత మధ్య చెవులు వెనక్కి వాల్చేసి, జీను పట్టీ బిగించినప్పుడల్లా తోక విసురుతా పళ్లు కొరుకుతా ఉంది, జనమేమో పొగరంటున్నారు, అది నొప్పండీ. గుర్రం మొహం చూసి నొప్పి లెక్కగట్టే స్కేల్ 2014లోనే వచ్చింది. మా నాన్న జట్కా తోలే రోజుల్లో రాత్రిపూట గుర్రాన్ని మెడ నుంచి వీపు దాకా అరచేత్తో మెల్లగా నిమిరేవాడు, ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ చెయ్యి తేలిక చేసి ఆగేవాడు, కాసేపటికి అది ఒళ్లు వదులు చేసి తల దించి పెదాలు నాక్కుంటా ఆవలించేది. వాపు, కుంటు ఉంటే మాత్రం రుద్దకూడదు, డాక్టర్‌కి చూపించాల్సిందే. మన తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది కదా, గుర్రాలోళ్లని పిలిచి ఒక్క పూట ఇవి నేర్పించమని వాళ్లని అడుగుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి