చేతికర్ర చివర పన్నెండు సిలిండర్లు

కోవెంట్రీ
2025 జూలై 13, ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసెయ్, తర్వాత చదువు. ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరానికి జూలైలో జవాబు. తప్పే. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఏదో ఒక పని వచ్చి పడింది. క్షమించు.

ఇక్కడ అందరం క్షేమం. మీ చెల్లెలికి నైట్ షిఫ్టులు తప్పాయి, పెద్ద ఊరట. పిల్లాడికి ఇంకో పది రోజుల్లో స్కూలు సెలవులు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగు కనిపిస్తోంది. నా ఉద్యోగం మామూలే. అమ్మ మోకాలి నొప్పి గురించి చివర్లో రాస్తాను, దానికి నీతో కొంచెం పనుంది.

ఇక అసలు సంగతి. ఐదు రోజుల నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఫోన్‌లో చెబుదామంటే మీ షెడ్డులో పక్కన గ్రైండర్ తిరుగుతూ ఉంటుంది, నువ్వు "ఆ... ఆ... సరేలే" అంటావు. ఇది అలా వినే సంగతి కాదురా. కూర్చుని చదవాలి. వీలైతే మామయ్య పక్కన కూర్చుని, పైకి చదువు.

మొన్న మంగళవారం ఆఫీసు నుంచి నేరుగా గేడన్ వెళ్ళాను. అక్కడ బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది, 1959 నాటి మొట్టమొదటి మోరిస్ మినీ ఫొటో పంపాను చూడు, ఆ చోటు. దానికి దగ్గర్లోనే ఆస్టన్ మార్టిన్ ఫ్యాక్టరీ. వేసవి సాయంత్రాల్లో మ్యూజియం దగ్గరికి కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు బండ్లేసుకుని వస్తారు. టీ తాగుతారు, బానెట్లు ఎత్తుకుంటారు, వాదించుకుంటారు. ఆటోనగర్ టీ బడ్డీ దగ్గర ఆదివారాలు ఎలా ఉండేదో అలాగే. కాకపోతే ఇక్కడ ఎవరూ ఎవరి మాటకీ అడ్డం రారు, అదొక్కటే తేడా.

ఆస్టన్ వాళ్ళ వాంక్విష్ కార్లు రెండు పక్కపక్కన పెట్టారు. ఒకటి మొదటి తరంది, 2001లో వచ్చిన మోడల్. రెండోది కొత్తది, పోయిన సెప్టెంబరులో విడుదల చేసినది. నేను దాన్ని ఫొటోల్లో తప్ప చూడలేదు. ఎండ పడిన వైపు ముదురాకుపచ్చగా, నీడ వైపు నల్లగా ఉంది. బానెట్ పొడవు చూడాలి నువ్వు! అంతకుముందు ఉన్న ఆస్టన్ మోడల్ డీబీఎస్ కంటే వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 80 మిల్లీమీటర్లు పెంచారు, ఆ 80 అంతా ముందు చక్రానికీ అద్దం పక్కనుండే పిల్లరుకీ మధ్యే పెట్టారు. అందుకే బండి నిలబడి ఉన్నా ఒళ్ళు సాచిన ఒంగోలు గిత్తలా ఉంది. 5.2 లీటర్ల వీ12, అంటే పన్నెండు సిలిండర్ల ఇంజన్, దానిలోకి గాలి నెట్టే రెండు టర్బోలు, 835 పీఎస్ (మన హార్స్ పవర్ లాంటిదే), గంటకు 345 కిలోమీటర్లు. టార్క్, అంటే తిప్పే బలం, వెయ్యి న్యూటన్ మీటర్లు. వెయ్యి, బావా! మీ షెడ్డు ముందు ఆగే పదహారు టైర్ల లారీలకి ఉండేంత. ఏడాదికి వెయ్యి కార్లలోపే చేస్తామన్నారు. ఇక్కడ 3,33,000 పౌండ్ల దగ్గర మొదలు. మార్చిలో మన దేశంలో పెట్టిన ధర 8.85 కోట్లు, అదీ ఎక్స్ షోరూమ్.

వెనక భాగం మటుకు నాకు నచ్చలేదు. బండి రంగులోనే ఒక పెద్ద పలక, డాలు లాగా, లైట్ల మధ్య నిలబెట్టారు. అంత చక్కగా జారుకుంటూ వచ్చిన గీత అక్కడికి వచ్చి గోడకి కొట్టుకున్నట్టుంది. లోపల చూస్తే మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. గేరుకి, ఏసీకి, సస్పెన్షన్‌కి, సైలెన్సర్‌కి అన్నిటికీ నిజం బటన్లున్నాయి. కళ్ళు రోడ్డు మీద పెట్టి వేలితో తడుముకుని నొక్కొచ్చు. ఓనరు మంచివాడు, తలుపు తీసి చూడనిచ్చాడు.

చుట్టూ పదిహేను మంది దాకా చేరారు. ఆస్టన్ పాత మోడల్ డీబీ9 వేసుకొచ్చినాయన మొదలెట్టాడు, సౌండు పోయింది అని. ఆయన వాదన ఏంటంటే, ఎగ్జాస్ట్ గాలి ముందు టర్బో చక్రాలు తిప్పాలి, తర్వాత పొగని వడగట్టే ఫిల్టర్లు దాటాలి, ఇక బయటికొచ్చేసరికి గొంతు ఏం మిగులుతుంది? పక్కనున్న పాత వాంక్విష్‌లో 5.9 లీటర్లు, టర్బో లేదు, 460 హార్స్ పవరే. అయినా అది పాడుతుంది, ఇది గొణుగుతుంది అన్నాడు. నేను తలూపాను. నిజం చెప్పాలంటే అక్కడున్న సగం మంది ఊపారు.

ఇంతలో ఒక కుర్రాడు ఫెరారీని మధ్యలోకి తెచ్చాడు. ఫెరారీ కూడా పోయినేడాదే కొత్త వీ12 కారు దింపింది కదా, 12 చిలిండ్రి. 6.5 లీటర్లు, టర్బో లేకుండానే 830 పీఎస్, 9,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని తిప్పుల దాకా తిరుగుతుంది. వాళ్ళు చేసింది వీళ్ళెందుకు చేయలేకపోయారని వాడి ప్రశ్న. దానికి గేరుబాక్సుల డిజైన్‌లో పనిచేసి రిటైరైన ఒకావిడ జవాబు చెప్పింది చూడు, ఎంత బాగా చెప్పిందో! ఆ ఫెరారీ టార్క్ 678, అదీ ఏడు వేల ఆర్‌పీఎం దాటాక. ఇది 2,500 దగ్గరే వెయ్యీ ఇచ్చేస్తుంది. అది పరుగు పందెం గుర్రం, ఇది ఊళ్ళు దాటించే గుర్రం, రెండిటినీ ఒకే తాడుతో కొలవకు అంది. టర్బో పికప్ ఆలస్యం గురించి అడిగితే దానికీ చెప్పింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకముందే అవసరానికి మించి కొంత గాలి ఒత్తిడి నిల్వ ఉంచుతుందట. మన పెళ్ళిళ్ళలో పెట్రోమాక్స్ లైటుకి వెలుగు తగ్గకముందే నాలుగు పంపులు కొట్టి ఉంచేవాళ్ళు చూడు, అలా అన్నమాట.

హైబ్రిడ్ చేయనందుకు ఎవరూ తప్పు పట్టలేదు. 2030 నుంచి ఇక్కడ కొత్త పెట్రోల్ కార్లు ఆపేస్తారు, కానీ ఆస్టన్, మెక్‌లారెన్ లాంటి చిన్న కంపెనీలకి ఏప్రిల్‌లో ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఆ మాట వచ్చినప్పుడు అందరి మొహాల్లో మనవాళ్ళ మ్యాచ్ గెలిచినంత సంతోషం. మాన్యువల్ గేరు లేదన్న బాధ మటుకు చాలామందికి ఉంది. పాత వాంక్విష్‌లో కూడా మొదట ప్యాడిల్ గేర్లే (స్టీరింగ్ వెనక రెక్కలు లాగి మార్చేవి), వాటి మీద అప్పట్లో అందరూ విసుక్కునేవారట. తర్వాత ఆస్టన్ పాత ఫ్యాక్టరీ ఉన్న ఊరు న్యూపోర్ట్ పాగ్నెల్‌లో కంపెనీ వర్క్‌షాపు వాళ్ళే దాన్ని ఆరు గేర్ల మాన్యువల్‌గా మార్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పాత కారు ఓనరు మార్పించుకున్నాడు. గేరు రాడ్డు నా చేత పట్టించాడు, రెండు నుంచి మూడుకి వేశాను. ఆహా. దాని గురించి ఇంకో ఉత్తరం రాయొచ్చు, ఇప్పుడు కాదు.

ఇప్పుడు పెద్దాయన. ఇదే నేను చెప్పాలనుకున్నది.

అందరూ మాట్లాడుతుంటే ఒకాయన మటుకు కారు చుట్టూ తిరుగుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. చేతికర్ర, చెవిలో మెషీను. ఆయన కారుని చూడట్లేదురా. జేబులోంచి చేతిరుమాలు తీసి, ముందు చక్రం పైన రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని మెల్లగా తలుపు దాకా లాగాడు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి.

నాకు ఒళ్ళు జలదరించింది. లప్పం పెట్టే ముందు మామయ్య చిరిగిన బనీను ముక్క అరచేతి కింద పెట్టుకుని అచ్చం అలాగే కదా చూసేవాడు! వేలికి తెలియని ఎత్తుపల్లం గుడ్డ కింద అరచేతికి తెలుస్తుందని మనిద్దరి చేతా ఎన్నిసార్లు పట్టించాడు, అంబాసిడర్ డోరు మీద. నేను ఆగలేకపోయాను. వెళ్ళి, మీరు రేకు పని చేసేవారా అని అడిగాను. ఆయన కళ్ళు తెరిచి, నీకెలా తెలుసు అన్నాడు. ఆ రుమాలు చూసి అన్నాను.

న్యూపోర్ట్ పాగ్నెల్‌లో చేశాడట. 1963లో, పదహారో ఏట అప్రెంటిస్‌గా చేరాడు, ఆస్టన్ డీబీ5 కారు మొదలైన ఏడు. సన్నటి గొట్టాల చట్రం మీద అల్యూమినియం రేకుని చేత్తో కొట్టి చుట్టేవాళ్ళు. ఒక కారు తలుపు ఇంకో కారుకి పట్టేది కాదు అన్నాడు. 2007 జూలైలో ఆ ఫ్యాక్టరీ నుంచి చివరి కారు బయటికెళ్ళిన రోజు కూడా అక్కడే ఉన్నాడు. ఆ చివరి కారు వాంక్విష్. ఆ పేరు మళ్ళీ ఇరవైనాలుగులో కొత్త బండికి పెట్టారని విని చూడ్డానికి వచ్చాడు, మనవడి చేత కారు నడిపించుకుని.

కొత్తదాని ఒళ్ళంతా కార్బన్ ఫైబర్. అచ్చులోంచి వస్తుంది. సుత్తి దెబ్బ ఎరగని కారు, అన్నాడు పెద్దాయన. బాధపడ్డాడో మెచ్చుకున్నాడో నాకు అర్థం కాలేదు. తర్వాత తలుపు సందు వెంట బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కిందకి గీశాడు. ఎక్కడా గోరు తట్టుకోలేదు. ఇలా రావడానికి నాకు రెండు రోజులు పట్టేది, అన్నాడు.

అప్పుడు అందరి వైపు తిరిగి అడిగాడు, ఇందాకటి నుంచి సౌండు సౌండు అంటున్నారు, మీలో ఎవరైనా ఇంజన్ విన్నారా అని. ఓనరు నవ్వుతూ బానెట్ ఎత్తి స్టార్ట్ చేశాడు. మొదట ఒక్కసారి గట్టిగా మొరిగింది, కంకిపాడు హారన్ అంత కాదులే, తర్వాత సర్దుకుని మామూలుగా తిరుగుతోంది. పెద్దాయన చెవిలో మెషీను తీసి మనవడి చేతికిచ్చాడు, దగ్గరికి ఏదైనా వస్తే అది కుయ్యిమంటుందట. చేతికర్ర తిరగేశాడు. రబ్బరు తొడుగు ఊడదీశాడు. ఓనరుని ఒక్క చూపు చూశాడు, ఆయన సరేనని తలూపాడు. కర్ర మొనని ఇంజన్ మీద కవరు లేని చోట ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు!

మన మూడో బోల్టు మీద ఒట్టు బావా, నా కళ్ళ ముందు మామయ్యే ఉన్నాడు. పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, "మూడో సిలిండర్‌రా, ట్యాపెట్టు" అని చెప్పే మామయ్య.

ఎంతసేపు విన్నాడో. ఒక నిమిషం ఉంటుందేమో. పదిహేను మందిలో ఒక్కరు కదల్లేదు. తర్వాత కర్ర నాకిచ్చాడు. నాకే! వంగి పెట్టుకున్నాను.

ఎలా చెప్పాలి నీకు. బయట వినిపిస్తున్న గురగుర అంతా వెనక్కి పోయింది. కర్రలోంచి వచ్చేది వేరే. నాయనమ్మ చేటలో బియ్యం చెరిగేటప్పుడు వచ్చే చప్పుడు గుర్తుందా, అదే కొలతలో, అదే బరువుతో, ఎక్కడా తడబడకుండా. లెక్కపెట్టబోయాను, ఎక్కడ! నిమిషానికి ఏడు వందల తిప్పులంటేనే సెకనుకి డెబ్బై పేలుళ్ళు. పన్నెండు సిలిండర్లు, కానీ ఒక్కటే ఊపిరి. ఒకదాని తోపు అయిపోకముందే ఇంకోటి అందుకుంటుంది కదా, అందుకే వీ12 అంత నున్నగా తిరుగుతుందని పుస్తకాల్లో చదివాను, మన ఇద్దరం బొమ్మలు కూడా గీసుకున్నాం. ఎముక దాకా తెలియడం మటుకు ఇదే మొదటిసారి.

పెద్దాయన తీర్పు రెండే ముక్కలు. మంచి ఇంజను, కాస్త సిగ్గెక్కువ అన్నాడు. డీబీ9 ఆయన కూడా వచ్చి కర్ర అడిగి విన్నాడు. బయటికి తక్కువే అన్న మాట మీదే ఉన్నాడు గానీ ఇంకోసారి వింటానన్నాడు. నేను మటుకు మారిపోయాను. బయట నిలబడి వినేవాడికి టర్బోలు కొంత ఎగ్గొట్టాయి, నిజమే. కానీ లోపల పని... ఆ పని చేసినవాళ్ళు దేన్నీ ఎగ్గొట్టలేదురా. ఈ రోజుల్లో బ్యాటరీ తోడు లేకుండా అలాంటి ఇంజన్ కొత్తగా నిలబెట్టడం అంటే... సరే, దీని మీద ఫోన్‌లో పోట్లాడుకుందాం.

ఆయనకి మామయ్య సంగతంతా చెప్పాను. స్క్రూడ్రైవర్ అనగానే నవ్వి, మేం సుత్తి పిడి పెట్టుకునేవాళ్ళం అన్నాడు. ఇప్పుడేం చేస్తున్నారు అని అడిగాడు. వినబడట్లేదని, మెషీను పెట్టుకోమంటే వద్దంటున్నాడని నువ్వు రాసింది చెప్పాను. నలభై ఏళ్ళు రేకు కొట్టిన చెవులు అంతే, నావీ అంతే అన్నాడు. మొదటి మూడు వారాలు ఆ మెషీను తీసి అవతల పారేయాలనిపిస్తుందట, కప్పు సాసర్ తగిలినా సుత్తి దెబ్బలా ఉంటుందట. ఓ రోజు పొద్దున పక్క గదిలో కెటిల్ మరగడం వినబడిందట, అంతే, ఇక తీయలేదు. ఇది మామయ్యకి ఆయన మాటగా చెప్పమన్నాడు. రేకు పనివాడు రేకు పనివాడికి పంపిన కబురు అని చెప్పు.

ఆ స్టార్టింగు, తర్వాత రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేశాను, ఈ ఉత్తరం నీకు అందే లోపు పంపిస్తాను. ఫోన్‌లో వినకు. షెడ్డులో వినాయక చవితికి పెట్టే పెద్ద స్పీకరు డబ్బా ఉంది కదా, దానికి కలుపు. గ్రైండర్లు ఆపించు. మామయ్యని దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పొడుగు స్క్రూడ్రైవర్ డబ్బా చెక్క మీద ఆనించి చేతికివ్వు. ఏం చెప్పకు, ఏ బండో కూడా చెప్పకు. ఎన్ని సిలిండర్లో ఆయన్నే చెప్పమను. ఏమన్నాడో నాకు అదే రోజు

పిల్లాడు లేచాడు, పిలుస్తున్నాడు. అమ్మ మోకాలి సంగతి రాయనే లేదు, రేపు ఫోన్ చేస్తా, ఎత్తు.

నీ
మూడో బోల్టు