ఆయాసపడేవారిని వెల్లకిలా పడుకోబెట్టకండి

సంపాదకుడు గారికి,

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద, తాగునీటి మీద, డయాలసిస్ పడకల మీద పత్రికల్లో చాలానే వస్తోంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి కూడా 2023 డిసెంబరులో మొదలైంది. మరి ఆసుపత్రికి చేరేలోపు ఇంట్లో, ఆటోలో, స్ట్రెచర్ మీద రోగిని ఎలా ఉంచాలో మాకు చెప్పేవారే లేరు.

కిడ్నీలు పనిచేయనివారికి డయాలసిస్ ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది. ముందు కాళ్ళు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుంది. అలాంటి మనిషి కూర్చుంటే ఎలాగో ఊపిరి తీసుకుంటాడు, పడుకోబెడితే ఉక్కిరిబిక్కిరవుతాడు. పడుకోగానే కాళ్ళవైపున్న రక్తం ఛాతీలోకి మళ్ళుతుంది. పొట్ట పైకి నెట్టడంతో ఊపిరి పీల్చే కండరం కిందికి దిగలేదు. గుండె బలహీనపడినవారిదీ ఇదే అవస్థ. రోగి లేచి కూర్చోవాలని పెనుగులాడుతుంటే, చుట్టూ చేరినవాళ్ళం ‘కదలకు, పడుకో’ అంటూ భుజాలు పట్టి అణచిపెడతాం!

వీపు వెనుక దిండ్లో, మడిచిన దుప్పట్లో పెట్టి కూర్చోబెడితే చాలా వరకు ఉపశమనం ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారికి, ఏళ్ళ తరబడి చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు పాడైనవారికి ఎదురుగా బల్ల వేసి, దానిమీద మోచేతులు ఆనించి ముందుకు వంగనివ్వాలి. స్పృహ తప్పినవారి సంగతి వేరు, ఊపిరి ఆడుతుంటే వారిని పక్కకు తిప్పి ఉంచాలి. ఏదైనా 108 వచ్చేలోపు చేసేదే తప్ప ఇది వైద్యం కాదు.

కోవిడ్ రోజుల్లో, 2021లో, బోర్లా పడుకోమని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిన మాట నిజమే. అది ఆక్సిజన్ తగ్గుతున్న కోవిడ్ రోగులకు చెప్పింది. గర్భిణులకు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారికి వద్దని ఆ సలహాలోనే ఉంది.

ఇక ఆసుపత్రుల సంగతి. పిడి తిప్పితే తలవైపు లేచే మంచాలు వార్డుల్లో ఉన్నాయి. ఈమధ్య మా బంధువును చేర్చిన చోట ఆ పిడి తుప్పుపట్టి తిరగలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న బట్టల మూటే దిండయింది. కొత్త మంచాలు అడగడం లేదు, ఉన్నవాటికి నూనె వేయించమంటున్నాం. శ్రీకాకుళం జిల్లా వైద్యాధికారులు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పిడులను తనిఖీ చేయించాలి. రోగిని ఎలా కూర్చోబెట్టాలో చూపే బొమ్మను గోడకు అంటించాలి. ఆశా కార్యకర్తలు కిడ్నీ రోగుల ఇళ్ళకు ఎలాగూ వెళుతుంటారు కాబట్టి, దిండ్లు ఎలా సర్దాలో ఇంట్లోవాళ్ళచేత ఒకసారి చేయించి చూడమనాలి.

- ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా