రేడియో పాడవలేదు, కేబుల్‌లో నీళ్లు

సంపాదకుడికి,

అయ్యా,

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా రాజోలు వైపు కరెంటువాళ్లు రాత్రింబగళ్లు కష్టపడి లైన్లు నిలబెట్టారు. కరెంటు వచ్చింది గానీ మా ఊరి సచివాలయానికి నెట్ మూడు వారాల దాకా రాలేదు. పడిపోయిన వరి ఫొటోలు ఎక్కించాల్సిన సిబ్బంది సొంత ఫోన్లు పట్టుకుని సిగ్నల్ కోసం మేడంతా తిరిగారు. సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లకు రోజూ ‘రేపు రండి’ అనే మాటే.

మేడ మీద ఇనుప పైపుకు బిగించిన చిన్న తెల్ల డిష్ ఉంది, దాని వెనకే రేడియో, అంటే గాలిలోంచి నెట్ సిగ్నల్ అందుకునే పెట్టె. ఒకే కేబుల్ మీద కరెంటు పైకి వెళ్తుంది, నెట్ కిందికి వస్తుంది. తుపాను పోయిన ఆరో రోజున కాంట్రాక్టు కంపెనీ కుర్రాడు వచ్చి, లైటు వెలగకపోవడం చూసి, ‘రేడియో పోయింది బాబాయ్, కొత్తదానికి ఇండెంట్ పెడతాం’ అని వెళ్లిపోయాడు. రెండు వారాలకు కొత్తది తెచ్చి బిగించాడు. అదీ వెలగలేదు!

నేను టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. కేబుల్‌లోకి నీళ్లు చేరితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లు దిగకూడదనే కదా మా రోజుల్లో జెల్లీ నింపిన కేబుళ్లు వచ్చాయి. ‘బాబూ, కింద కేబుల్‌కు కరెంటిచ్చే అడాప్టర్ దగ్గర ప్లగ్గు ఊడదీసి చూడు’ అన్నాను. తీయగానే టేబుల్ మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ప్లగ్గులోని ఇత్తడి రంగు పళ్లు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. మేడ మీద ఎండకు పెళుసెక్కి కేబుల్ పైతొడుగు బీటలు వారింది. వాన నీరు అక్కడ దూరి, లోపలి తీగల వెంట మెల్లగా జారి కింది గదిలోకి దిగింది. పాత రేడియోను రెండు గజాల పొడి కేబుల్‌తో టేబుల్ మీదే కలిపి చూశాం. లైటు వెలిగింది.

కొత్త కేబుల్ లాగాక సిగ్నల్ మైనస్ 80 చూపించింది. తుపానుకు ముందు మైనస్ 60 ఉండేదట. ఈ డెసిబెల్ లెక్కలో 20 తగ్గితే అందే బలం వందో వంతే. డిష్ గాలికి పక్కకు తిరిగింది. క్లాంపు వదులు చేసి వేలెడంత తిప్పితే సరిపోయింది.

కుర్రాడి తప్పేం లేదు. అతని బ్యాగులో టెస్టరూ లేదు, కేబుల్‌కు ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలూ లేదు. పెట్టె మార్చడానికి కంపెనీ డబ్బిస్తుందట, కేబుల్ మార్చడానికి ఇవ్వదట. ఒప్పందమే అలా ఉంటే తుపాను వచ్చినప్పుడల్లా మంచి రేడియోలు చెత్తలోకి పోతాయి.

అందుకే జిల్లా అధికారులను అడుగుతున్నాను. రేడియో పోయిందని రాసే ముందు పొడి కేబుల్‌తో పరీక్షించాలని ఒప్పందంలో చేర్చండి. ఎండకు తట్టుకునే నల్ల కేబుల్ వాడాలి. రేడియోలోకి దూరేముందు దానికి కిందికి ఒక వంపు ఉండాలి, వాన చుక్క అక్కడే రాలిపోతుంది. మా దగ్గర ఆ వంపే లేదు. ప్రతి మండలంలో ఒక చుట్ట కేబుల్, డబ్బాడు ప్లగ్గులు ఉంచితే మూడు వారాల పని ఒక పూటలో అయిపోయేది. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలమని చిన్నపిల్లలకూ తెలుసు. మరి సెప్టెంబరులోనే ఒకసారి మేడలెక్కి చూస్తే ఏం పోయింది?

సచివాలయం సిబ్బందికీ ఒక మాట. వాన తగ్గి కరెంటు రాగానే అడాప్టర్ ఆన్ చేయకండి. తడిసిన ప్లగ్గులో కరెంటు పారితే ఆ చిలుం ఇంకా తొందరగా తినేస్తుంది. ముందు ఊడదీసి ఆరనివ్వండి.

మా రేడియోకు పిడుగుల కోసమని ఎర్త్ వైరు కట్టారు. అది మేడ మీంచి గోడ వెంట దిగి, నేలకు మూరెడు ఎత్తులో ఆగిపోయింది. కుర్రాడికి చూపిస్తే ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లాడు. నిన్న సాయంత్రానికీ అది అలాగే వేలాడుతోంది.

– ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి, రాజోలు ప్రాంతం