ఫోన్ పెట్టేయని ఆవిడకు

అమ్మ పోయాక అన్నయ్యకు నిద్ర కరువైంది. అమెరికాలో మేముండే చిన్న ఊళ్లో లైసెన్స్ ఉన్న క్లినికల్ సోషల్ వర్కర్ కోసం ఇన్సూరెన్స్ జాబితా పట్టుకుని 11 చోట్లకు ఫోన్ చేశాను. ఎక్కడా ఖాళీ లేదు.

మీ క్లినిక్‌లోనూ లేదు. కానీ మీరు ఫోన్ పెట్టేయలేదు. “లైన్లోనే ఉండండి” అని, రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్లో పేరు కొట్టి లైసెన్స్ ఎలా సరిచూసుకోవాలో పక్కన కూర్చున్నట్టే నాతో చేయించారు. క్లినికల్ సోషల్ వర్కర్లు మందులు రాయరనీ, కూర్చోబెట్టి మాట్లాడే థెరపీ చేస్తారనీ విడమరిచి చెప్పారు. ఈలోగా రాత్రిళ్లు భరించలేకపోతే, మనసు కుంగిపోయినవాళ్లకు సాయపడే హెల్ప్‌లైన్ 988కి చేయమని రెండుసార్లు అన్నారు. నా గొంతులో ఏం వినిపించిందో మరి!

సాయంత్రం మళ్లీ మీరే చేశారు: “గురువారం ఒకరు రావడం లేదట, ఆ టైమ్ మీ అన్నయ్యకు ఆపి ఉంచాను.”

నిన్న అన్నయ్య 5 గంటలు నిద్రపోయాడండీ. మీకెన్ని దండాలు పెట్టినా తక్కువే.